బండిలో ఫ్రిజ్, నాలుగు వేసవుల తర్వాత: ముందు బ్యాటరీ సంగతి చూసుకోండి

ఈ ఫ్రిజ్ కొన్నది మా అమ్మ ఇన్సులిన్ కోసం. క్యాంపింగ్ అంటే మా పిల్లలకంటే ఆవిడకే ఎక్కువ సరదా. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఐస్ బాక్సులో పెడితే మొదటి రోజు గడ్డకడుతుందేమోనని, రెండో రోజు ఐస్ కరిగిపోయి వేడెక్కుతుందేమోనని టెన్షన్. అందుకే 2022 మార్చిలో 12 వోల్టులతో నడిచే 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకున్నాను. ఫ్రిజ్ నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది అంతా దానికి కరెంటు ఇచ్చే దగ్గరే.

మొదటి ప్రయాణం ఏప్రిల్‌లో గండికోట. హైదరాబాద్ నుంచి కర్నూలు, బనగానపల్లె, జమ్మలమడుగు మీదుగా వెళ్లాం. దారంతా ఇంజిన్ నడుస్తూనే ఉంది కాబట్టి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. సాయంత్రం టెంట్ వేసుకున్నాక బండి ఆపేసి, ఫ్రిజ్‌ని మాత్రం బండి బ్యాటరీ మీదే వదిలేశాను. తెల్లారి తాళం తిప్పితే స్టార్టర్ టక్ టక్‌మని ఊరుకుంది. ఫ్రిజ్ ఎప్పుడో ఆగిపోయింది. మూత తీయలేదు కాబట్టి లోపల ఇంకా 7 డిగ్రీలే ఉంది. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ డబ్బా వంకే చూస్తూ కూర్చుంది. పక్క టెంట్ వాళ్ల బండి నుంచి జంపర్ కేబుల్ వేసి స్టార్ట్ చేసేసరికి తొమ్మిది దాటింది.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ ఎండలకి, రాత్రి కూడా చల్లబడని ఆ గాలికి, గంటలో దాదాపు 35 నిమిషాలు తిరుగుతూనే ఉంది. 14 గంటలకి 37 ఆంపియర్ అవర్లు. మా డీజిల్ బండి బ్యాటరీ 65 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), అదీ మూడేళ్ల పాతది. పైగా బండి బ్యాటరీ తయారయ్యింది ఇంజిన్ తిప్పడానికి. రెండు మూడు సెకన్లు వందల ఆంపియర్లు ఇచ్చి, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి మళ్లీ నింపుకోవడం దాని పని. నెమ్మదిగా సగానికి పైగా ఖాళీ చేస్తే లోపలి ప్లేట్లు పాడవుతాయి. మాది ఆ వర్షాకాలం దాటలేదు, కొత్తది వేయించాల్సి వచ్చింది.

బ్యాటరీ వోల్టేజ్ మరీ పడిపోతే ఫ్రిజ్ తనంతట తనే ఆగిపోయేలా, బ్యాటరీ రక్షణ అని హై, మీడియం, లో సెట్టింగులు ఉంటాయి. అది ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. నాది మీడియంలో వచ్చింది, అంటే 10.1 వోల్టుల దగ్గర ఆగుతుంది. ఏదీ కరెంటు లాగకుండా కాసేపు ఊరికే ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.2 వోల్టులు చూపిస్తే అప్పటికే సుమారు సగం అయిపోయినట్టు. 10.1 వచ్చేసరికి అందులో బండిని లేపే శక్తి మిగలదు. బండి బ్యాటరీ మీద వాడితే హైలోనే పెట్టండి, ఇంకా ఎక్కువ వోల్టులు ఉండగానే ఫ్రిజ్ ఆగిపోతుంది. అప్పుడు కూడా రాత్రంతా వద్దు.

రెండో పాఠం వైర్లది. సిగరెట్ లైటర్ సాకెట్‌కి కంపెనీ వేసే వైరు సన్నం. ఘాట్ రోడ్డు కుదుపులకి ప్లగ్గు వదులైపోతుంది, వేడెక్కుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా కంప్రెసర్ తిరగడం మొదలవ్వగానే ఫ్రిజ్ దగ్గర వోల్టేజ్ పడిపోయి ఎర్రర్ చూపించేది. ఆటో ఎలక్ట్రీషియన్ చేత బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాను. బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజ్ పెట్టించాను, అది లేకుండా మాత్రం వైరు లాగొద్దు. ఎక్కడైనా రాసుకుని షార్ట్ అయితే బండి తగలబడుతుంది. నాలుగు మీటర్ల దూరానికి, వెళ్లే వైరూ వచ్చే వైరూ కలిపి చూస్తే, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరులో దాదాపు అర వోల్టు పోతుంది. నేను వేయించిన మందం వైరులో 0.12 వోల్టు మించదు.

మూడో వేసవికి విడిగా 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొన్నాను. బండి నడుస్తున్నప్పుడు 20 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ (బండి కరెంటుని ఈ బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చేది) దాన్ని నింపుతుంది. ఖాళీ అయితే అయిదు గంటల ప్రయాణంలో నిండిపోతుంది. ఫ్రిజ్‌కి ఎంత అయిందో ఈ రెండింటికీ కలిపి అంతకంటే కాస్త ఎక్కువే అయింది. ముందే తెలిసి ఉంటే ఫ్రిజ్‌తో పాటే ఇవీ కొనేవాణ్ణి. వాట్ మీటర్ పెట్టి చూస్తే ఏప్రిల్ గండికోటలో రోజుకి 50 ఏహెచ్ దగ్గర, డిసెంబర్ లంబసింగిలో 14 తాగింది. అంటే మండుటెండల్లో కూడా బండి కదపకుండా ఒక రోజున్నర ధైర్యంగా ఉండొచ్చు. సోలార్ ప్యానెల్ కూడా తీసుకున్నాను గానీ మారేడుమిల్లి చెట్ల కింద దానివల్ల ఉపయోగం లేదు.

లోపలి సంగతి ఇన్సులిన్ పెట్టేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. డిస్‌ప్లే 4 చూపిస్తున్నప్పుడు అడుగున, గోడకి ఆనుకుని చిన్న థర్మామీటర్ పెడితే సున్నా కంటే కిందకి వచ్చింది. అక్కడే ఇన్సులిన్ పెన్నులు పెట్టి ఉంటే గడ్డకట్టి పనికిరాకుండా పోయేవి. అప్పటినుంచి పెన్నులు స్టీలు డబ్బాలో, తువ్వాలు చుట్టి, పైన కంప్రెసర్ మీదుండే చిన్న అరలో పెడుతున్నాం. అక్కడ 5, 6 డిగ్రీలు ఉంటుంది. బయల్దేరే ముందు రాత్రే ఇంట్లో కరెంటు మీద చల్లబరిచి, పాలు, పెరుగు, నీళ్ల సీసాలు కూడా ఇంటి ఫ్రిజ్‌లోంచే తీసి సర్దుతాం. వేడి నీళ్ల సీసాలు నాలుగు పెట్టారంటే కంప్రెసర్ గంటల తరబడి ఆగదు.

కొనేటప్పుడు ఒక మాట అడగండి: ఇందులో కంప్రెసర్ ఉందా లేదా? తక్కువ ధరకి దొరికే పెల్టియర్ డబ్బాలు (కంప్రెసర్ లేకుండా, కరెంటు పారితే ఒక పక్క చల్లబడే పలకతో పనిచేసేవి) బయటి వేడికంటే 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గిస్తాయి. బయట 42 ఉంటే లోపల 22. మజ్జిగకే చాలదు, మందులకి అసలు పనికిరాదు. పైగా ఆగకుండా కరెంటు లాగుతూనే ఉంటాయి.

నాలుగేళ్లలో అరిగింది మూత చుట్టూ ఉండే రబ్బరు ఒక్కటే. ఒక మూల వదులై చెమ్మ పడుతోంది. కాగితం ముక్క మూతలో ఇరికించి లాగితే ఆ మూలే సులువుగా వచ్చేస్తోంది. కొత్త రబ్బరు దొరికేదాకా అక్కడ మూత మీద బరువు పెట్టి నడిపిస్తున్నాను. వచ్చే నెల వనజంగి వెళ్లేలోపు మార్పించాలి.