నెలవారీ పాస్ పార్కింగ్: కెమెరాల కన్నా తెల్లరంగే ఎక్కువ పనిచేస్తోంది

నైట్ షిఫ్టులు చేసేదాన్ని కాబట్టి పార్కింగ్ విషయంలో నా లెక్క వేరు. తెల్లవారుజామున లిఫ్ట్ దిగి కారు దాకా వెళ్లేలోపు వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన టెన్షన్ ఉండకూడదు, అంతే. ఆ లెక్కన ఈ మల్టీలెవల్ పార్కింగ్‌కి అయిదుకి నాలుగు స్టార్లు.

బోర్డు మీద సీసీ కెమెరాల గురించే గొప్పగా రాసుకున్నారు. నాకు నచ్చింది మాత్రం రంగు. మరమ్మతులప్పుడు పైకప్పుకీ స్తంభాలకీ తెల్లరంగు వేశారు. లైట్లు పాతవే, వెలుతురు మాత్రం బాగా పెరిగింది. రెండు కార్ల మధ్య ఎవరైనా వంగి కూర్చున్నా తెలిసిపోతుంది. మెట్ల పక్క గోడ తీసేసి గాజు గోడ పెట్టడంతో మలుపు అవతల ఎవరున్నారో ముందే కనిపిస్తుంది.

బయటికి దారి ఒక్కటే. లోపలికి వచ్చినప్పుడు తీసిన నంబర్ ప్లేట్ ఫోటో, టికెట్ రెండూ సరిపోలితేనే గేటు లేస్తుంది. కారు ఎత్తుకుపోయేవాడికి ఇది పెద్ద అడ్డంకే. అద్దం పగలగొట్టి బ్యాగు లాక్కెళ్లేవాడికి గేటుతో పనేముంది, నడిచే పోతాడు! వాడికి భయమంటే రౌండ్లు కొట్టే గార్డే. ఇక్కడి రాత్రి గార్డు నిజంగానే తిరుగుతాడు. మొన్న పక్క కారాయనతో, "సార్, సీటు మీద ఆ ఛార్జర్ వైరు తీసి లోపల పెట్టండి. వైరు కనిపిస్తే ల్యాప్‌టాప్ కూడా ఉందనుకుంటారు" అన్నాడు. ఆయన విసుక్కున్నాడు గానీ తీశాడు.

కెమెరాలు దండగ అనడం లేదు. వెల్ష్, ఫారింగ్టన్ అనే పరిశోధకులు 2009లో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, కెమెరాలు బాగా పనిచేసింది కార్ పార్కుల్లోనే. అక్కడ నేరాలు సుమారు సగానికి తగ్గాయి. కాకపోతే అలాంటి చోట్ల చాలావరకు లైట్లు, గార్డులు కూడా తోడయ్యారు. ఉత్త కెమెరా తగిలించి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఒక స్టార్ కోసింది అందుకే. మా డిపార్ట్‌మెంట్ అమ్మాయి కారు సైడ్ మిర్రర్ పోయింది. ఫుటేజ్ అడిగితే ఆ వరుస కెమెరాకి దూలం అడ్డమట! కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకోనక్కర్లేదా? ఆఫీసులో అడిగితే "మీ వస్తువులకు మీదే బాధ్యత" అన్న బోర్డు చూపించారు.

ఇంకొకటి వీళ్లు ఎక్కడా రాయలేదు. దొంగలు జామర్‌తో రిమోట్ సిగ్నల్‌ని అడ్డుకుంటారు. మనం బటన్ నొక్కి వెళ్లిపోతాం, కారు తెరిచే ఉంటుంది. అందుకని నొక్కాక హ్యాండిల్ లాగి చూసుకోండి. తాళం దగ్గరుంటే చాలు తెరుచుకునే కీలెస్ కారైతే, ఆ తాళం సిగ్నల్‌ని దూరం నుంచే అందుకుని కారు తెరిచేవాళ్లూ ఉన్నారు; తాళాన్ని సిగ్నల్ ఆపే పౌచ్‌లో పెట్టుకోండి.

పాస్ తీసుకునేవాళ్లు లిఫ్ట్‌కి ఎదురు వరుస అడగండి. పై అంతస్తు మూల వరుస ఇస్తామంటే వద్దనండి, అక్కడ లైట్లు ఇంకా బాగుచేయలేదు.