ప్రభుత్వ పోర్టల్ లాగిన్: ఓటీపీయా, యాపా, పాస్‌కీయా?

ఏ ప్రభుత్వ పోర్టల్ లాగిన్ పేజీ మార్చినా నాకు వచ్చే ప్రశ్న ఒకటే: "ఓటీపీతోనే ఉండాలా, ఆథెంటికేటర్ యాప్‌కి మారాలా, ఆ పాస్‌కీ ఏదో పెట్టుకోవాలా?" ఆథెంటికేటర్ యాప్ అంటే ఫోన్‌లోనే లాగిన్ కోడ్ తయారుచేసే యాప్. పాస్‌కీ అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లో దాచి ఉండే డిజిటల్ తాళంచెవి, వేలిముద్రతోనో పిన్‌తోనో ఫోన్ తాళం తీస్తే లాగిన్ అయిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని అందరికీ తెలుసు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను.

ఎస్సెమ్మెస్ ఓటీపీ అనగానే సిమ్ స్వాప్ గురించే, అంటే మీ నంబరుని దొంగ తన సిమ్‌కి మార్పించుకోవడం గురించే మాట్లాడతారు. ఆ ప్రమాదం నిజమే. మొబైల్ నెట్‌వర్క్‌లలోనూ లోపాలున్నాయి. 2017లో జర్మనీలో మొబైల్ కంపెనీలు కాల్స్, మెసేజ్‌లు ఒకదానికొకటి అందించుకునే ఎస్సెస్7 అనే వ్యవస్థ లొసుగును వాడుకుని, బ్యాంకు ఖాతాదార్లకు వెళ్లాల్సిన కోడ్‌లను దారి మళ్లించి డబ్బు లాగేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016 ముసాయిదాలోనే ఎస్సెమ్మెస్ కోడ్‌లను క్రమంగా వదిలించుకోవాలంది. మరుసటి ఏడాది తుది పత్రంలో కాస్త మెత్తబడి, పరిమితులతో వాడుకోనిచ్చింది. అయినా నా లెక్కలో అసలు తేల్చాల్సింది ఇది కాదు. సిమ్ స్వాప్‌కి దొంగ ఒక్కొక్కరి మీద విడిగా కష్టపడాలి. నకిలీ సైట్‌కి ఆ కష్టమే లేదు.

"మీ రీఫండ్ ఆగింది, వివరాలు సరిచూసుకోండి" అని మెసేజ్ వస్తుంది. లింక్ నొక్కితే అచ్చం పోర్టల్ లాంటి పేజీ. మీరు పాస్‌వర్డ్ కొట్టగానే దొంగ ప్రోగ్రామ్ దాన్ని అసలు పోర్టల్‌లో కొడుతుంది. ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంది. ఆ ఓటీపీ అసలుదే, పంపింది కూడా ప్రభుత్వమే, మీరు వేసింది మాత్రం దొంగ పేజీలో. ఇక్కడ మీరు ఎవరికీ ఏమీ చెప్పలేదు!

ఆథెంటికేటర్ యాప్ కూడా ఇక్కడ చేతులెత్తేస్తుంది. కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, నిజమే, కానీ ప్రోగ్రామ్‌కి అంత సమయం అక్కర్లేదు. సిమ్ స్వాప్ బెడద ఉండదు, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. దాని లాభం అంతవరకే.

"అడ్రస్ బార్ చూసుకోండి" అనే సలహా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. శాఖకో డొమైన్ (సైట్ అడ్రస్), చెల్లింపు దగ్గరికి వచ్చేసరికి ఇంకో కంపెనీ సైట్, మెసేజ్‌లలో కుదించిన లింకులు. ఇలా తామే అలవాటు చేసి, జనం అసలు నకిలీ కనిపెట్టాలనడం న్యాయం కాదు.

పాస్‌కీ ఆ భారాన్ని మన మీద నుంచి తీసేస్తుంది. అది ఏ డొమైన్‌కి తయారైందో అక్కడే పనిచేస్తుంది. నకిలీ పేజీలో మీరు ఎంత టెన్షన్‌లో, ఎంత తొందరలో ఉన్నా ఫోన్ దాన్ని బయటికి తీయదు. పోర్టల్ దగ్గర ఉండేది పబ్లిక్ కీ ఒక్కటే, అంటే మీ తాళంచెవిని సరిచూడ్డానికి మాత్రమే పనికొచ్చే దాని జత, సర్వర్ నుంచి అది లీకైనా దొంగ దాంతో లాగిన్ కాలేడు. చాలామంది అడిగే ఇంకో అనుమానం: "మా వేలిముద్ర ప్రభుత్వానికి పోతుందా?" పోదు. అది ఫోన్ తాళం తీయడానికే, ఫోన్ దాటి వెళ్లదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వ సేవల పోర్టల్ మైగవ్ 2024 జూన్‌లో పాస్‌కీలు తెచ్చింది. పాస్‌వర్డ్ లాగిన్‌ని పూర్తిగా ఆపేసుకునే వీలూ ఇచ్చింది. నాకు ఈ రెండోదే ముఖ్యం. పాస్‌కీ పెట్టుకున్నాక కూడా పాత పాస్‌వర్డ్, ఓటీపీ దారి తెరిచే ఉంటే దొంగ అటునుంచే వస్తాడు. "లాగిన్ మర్చిపోయారా" లింక్ చివరికి ఓటీపీ దగ్గరికే తీసుకెళ్తే ఈ హంగామా అంతా దండగ.

పాస్‌కీకి ఇబ్బందులు లేకపోలేదు. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోన్ అయితే, దాని తాళం తీయగలిగే ఎవరైనా మీ ఖాతా తెరవగలరు. మామూలు కీప్యాడ్ ఫోన్ వాళ్లకి ఓటీపీ తప్ప దారే లేదు, వాళ్ల కోసం ఆఫీసు కౌంటర్ కూడా ఉండి తీరాలి.

చిప్ ఉన్న గుర్తింపు కార్డుతో లాగిన్ అయ్యే పద్ధతి సంగతీ చెప్పాలి, కాకపోతే అది మనం ఎంచుకునేది కాదు, దేశం ఇవ్వాల్సింది. 2017లో ఎస్టోనియాలో సుమారు 7,60,000 కార్డుల చిప్‌లలో లోపం బయటపడింది. దుర్వినియోగం జరిగిన దాఖలా లేకపోయినా ప్రభుత్వం సెప్టెంబర్‌లోనే ఆ సంగతి జనానికి చెప్పింది, నవంబర్‌లో ఆ కార్డులతో ఆన్‌లైన్ లాగిన్‌కి కావాల్సిన సర్టిఫికెట్లు నిలిపేసింది. తన వివరాలు ఏ శాఖ చూసిందో పౌరుడు ఆన్‌లైన్‌లో చూసుకునే ఏర్పాటూ అక్కడ ఉంది. ఏ పాస్‌కీ అయినా బయటి దొంగనే ఆపుతుంది, లోపల మన ఫైలు ఎవరు తెరిచారో చెప్పలేదు.

రహస్య ప్రశ్నలు అడిగే పద్ధతిని వదిలేయండి. 2015లో అమెరికా పన్ను శాఖ పోర్టల్‌లో దొంగలు జవాబులు చెప్పి మరీ దూరారు.

సొంత స్మార్ట్‌ఫోన్ ఉంటే పాస్‌కీ పెట్టుకోండి, వీలైతే రెండు పరికరాల్లో. పాస్‌వర్డ్ లాగిన్ ఆపే వీలుంటే ఆపేయండి. ఓటీపీయే గతి అయితే మెసేజ్‌లోని లింక్ నుంచి ఎప్పుడూ వెళ్లొద్దు, బుక్‌మార్క్ చేసుకుని అక్కడి నుంచే తెరవండి.