జీవం గురించిన ఆదివారపు తరగతులు: కట్టిన ఫీజుకు తగినవేనా?

హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లో ఒక పాత మేడ రెండో అంతస్తులో ఆదివారం ఉదయాలు జరిగే తరగతుల గురించిన సమీక్ష ఇది. మనిషినీ జంతువునూ విజ్ఞానశాస్త్రం ఎలా చూస్తుంది, వాటి విషయంలో మనం ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు, మతవిశ్వాసాలు వాటికి ఎలాంటి చోటు ఇచ్చాయి అన్న ప్రశ్నలను ఒకే పాఠ్యక్రమంలో చేర్చి, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ల కోసం తెలుగులో చెబుతున్నారు. ఫీజు మూడు వేల రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. నిర్వాహకులది చిన్న బృందం, నేను చెప్పబోయేవన్నీ మెచ్చుకోళ్లు కావు, కనుక వారి పేరు ఇక్కడ రాయడం లేదు. డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పడం నా వృత్తి. అందువల్ల సైన్సు భాగాన్ని కొంత కఠినంగానూ, మిగిలిన రెండు భాగాలను విద్యార్థిగానూ చూశానని ముందే చెప్పుకోవడం న్యాయం.

పాఠ్యక్రమం మొదలయ్యేది హాలులో కాదు, నౌబత్ పహాడ్ మీద. 1976లో ప్రారంభమైన పాలరాతి వేంకటేశ్వరాలయానికీ, దాని పొరుగునే ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌కూ మధ్య దూరం నాలుగడుగులే. స్వామివారి దర్శనం చేసుకున్న కుటుంబాలు ప్రసాదం పొట్లాలు చేతిలో పట్టుకునే డైనోసార్‌ను చూడటానికి వస్తుంటాయి, అందులో ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించదు. ధ్యానానికి భంగం కలగకూడదన్న, రామకృష్ణ మిషన్‌కు చెందిన స్వామి రంగనాథానంద కోరిక మేరకు ఆ ఆలయంలో గంటలు పెట్టలేదన్న సంగతి అక్కడికి ఎన్నోసార్లు వెళ్లిన వారిలో కూడా చాలామందికి తెలియదు. ఆచార్యుడు ఆ ఒక్క మాట చెప్పి, ఇంకేమీ వ్యాఖ్యానించకుండా మమ్మల్ని లోపలికి తీసుకెళ్లారు.

అక్కడున్న అస్థిపంజరం కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్‌ది. ప్రాణహిత–గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర, జురాసిక్ కాలపు కోట శిలాశ్రేణిలో దొరికిన ఎముకల ఆధారంగా భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దీనికి ఆ పేరు పెట్టారు. సందర్శకులు సాధారణంగా దాని పొడవు చూసి ఆశ్చర్యపోతారు. మా ఆచార్యుడు మాత్రం ముందుగా తలను చూడమన్నారు. ఆ తవ్వకాల్లో కనీసం 12 జంతువులకు చెందిన ఎముకలు దొరికాయి గాని, రెండు పళ్లు తప్ప పుర్రె భాగం ఏదీ దొరకలేదు. కనుక మన ముందు నిలబడిన జంతువుకు తల దాని దాయాదుల తలలను బట్టి ఊహించి చేసినది. మిగతా శరీరం కూడా ఏ ఒక్క జంతువుదో కాదు. బృందంలో ఒక పెద్దాయన వెంటనే, అయితే ఇదీ ఒక నమ్మకమే కదా అని అడిగారు. రేపు గోదావరి ఒడ్డున అసలు పుర్రె బయటపడితే ఈ తలను తీసేసి మరో తల పెడతారు, అందుకు ఎవరి మనసూ నొచ్చుకోదు, ఎవరూ ప్రాయశ్చిత్తం చేసుకోనక్కర లేదు అన్నది జవాబు. ఆ జవాబుకు పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు. తల మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది, సామాన్యుడు ఎవరి మాట నమ్మి ఆ తలను తలగా ఒప్పుకుంటున్నాడు అని ఆయన మళ్లీ అడిగారు. ఆ సంభాషణను తుంచకుండా పావుగంట సాగనివ్వడం నాకు నచ్చింది. తరగతి గదిలో నేను అంత ఓపిక పట్టగలనని చెప్పలేను.

రెండో విడత బేగంపేటలో, ప్రస్తుతం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉన్న రొనాల్డ్ రాస్ భవనం దగ్గర జరిగింది. 1897 ఆగస్టు 20న రాస్ సికింద్రాబాద్‌లో అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించని మనిషి హుస్సేన్ ఖాన్. మలేరియాతో ఆసుపత్రిలో ఉన్న ఈ రోగిని, పిల్లపురుగుల దశ నుంచి పెంచిన దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున చెల్లించారు. దోమలు శుభ్రమైనవి, జ్వరం అతనికి అప్పటికే ఉంది, కనుక కుట్టడం వల్ల అతనికి కొత్తగా కలిగిన హాని పెద్దగా లేదని ఒక వాదన. రక్తంలో పరాన్నజీవి ఉన్నంతకాలమే అతను ప్రయోగానికి పనికొస్తాడు, కనుక వైద్యుడి ప్రయోజనమూ రోగి ప్రయోజనమూ అక్కడే వేరయ్యాయని మరో వాదన. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం చూస్తే, అర్థమయ్యే భాషలో సమ్మతి తీసుకోవాలి, మనిషి మనసు మార్చేసేంత సొమ్ము ఆశ చూపకూడదు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఆనాటి అణాను ఈ కొలతలతో కొలవడం సబబేనా అన్న దగ్గర సభ రెండుగా చీలిపోయింది.

ఇక్కడ మరో రెండు సంగతులు కలిపి చెప్పడం వల్ల పాఠానికి లోతు వచ్చింది. పరాన్నజీవి కనిపించాక రాస్ ఆ సందర్భంలోనే దేవుడికి కృతజ్ఞత చెబుతూ పద్యం రాసుకున్నాడు. తరువాతి ఏడాది కలకత్తాలో మిగిలిన ప్రయోగాలను మనుషుల మీద కాక పక్షుల మలేరియా మీద చేసి, వ్యాధి ఎలా వ్యాపిస్తుందో పూర్తిగా తేల్చాడు. ఒకే మనిషి రెండేళ్ల జీవితంలో రోగి, దోమ, పిచ్చుక, దేవుడు అందరూ ఉన్నారు. దీనికి ఎదురుగా జె.బి.ఎస్. హాల్డేన్‌ను నిలబెట్టారు. ఆయన ప్రమాదకరమైన ప్రయోగాలను తన ఒంటి మీదే చేసుకున్న శాస్త్రవేత్త. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు, మతం మీద నమ్మకం లేకపోయినా ఇక్కడ శాకాహారిగా బతికారు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. కాకినాడలో చదువుకున్న ఒక డాక్టరుగారు మా బృందంలోనే ఉన్నా, ఈ విషయం ఆయన ఎత్తే వరకు మాలో చాలామందికి తెలియదు.

అన్నిటికంటే ఉత్తమమైన పాఠం జంతు ప్రయోగాల మీద ఒక పశువైద్యురాలు చెప్పినది. ఆమె ప్రయోగశాల ఎలుకలు ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెను ఖాళీగా తెచ్చి బల్ల మీద పెట్టారు. అడుగున మొక్కజొన్న కండెల పొట్టు, పైన మేతకు పల్లంగా వంచిన తీగల మూత, పక్కన వేలాడే చీటీ. ఆ చీటీలో జాతి, ఆడా మగా, సంఖ్య, ప్రయోగానికి అనుమతి ఇచ్చిన నంబరు రాసి ఉంటాయి గాని, పేరు రాయడానికి గడి ఉండదు. పెట్టె చేతులు మారుతూ మా వరుస దాకా వచ్చినప్పుడు హాలులో మాటలు తగ్గడం గమనించాను. ఆమె ఎవరినీ ఏడిపించే ప్రయత్నం చేయలేదు. టీకాల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీకి గంట దూరంలో ఉన్న ఈ నగరంలో టీకా వేయించుకోని వాళ్లు ఎవరైనా ఉంటే చేయెత్తమని అడిగి, కొవాగ్జిన్‌ను మనుషులకు ఇచ్చే ముందు పుణెలో రీసస్ కోతుల మీద పరీక్షించారని చెప్పి, అక్కడి నుంచి చట్టంలోకి వెళ్లారు.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టాన్ని ఆమె చదివించిన తీరు ఈ మొత్తం పాఠ్యక్రమానికి ప్రాణం. చట్టం 11వ సెక్షన్ ఏవేవి క్రూరత్వమో చెబుతుంది. 14వ సెక్షన్ ప్రాణాలు కాపాడే, రోగాలు తగ్గించే జ్ఞానం కోసం జరిగే ప్రయోగాలు చట్టవిరుద్ధం కావంటుంది. 28వ సెక్షన్ ఏ వర్గమైనా తన మతం కోరిన పద్ధతిలో జంతువును చంపడం ఈ చట్టం కింద నేరం కాదంటుంది. అంటే సైన్సుకు ఒక తలుపు, విశ్వాసానికి ఒక తలుపు తీసి పెట్టి, మిగిలిన మనందరికీ గోడ కట్టిన చట్టం ఇది. రెండు తలుపుల్లో ఏది వెడల్పు, ఎవరి దగ్గర తాళంచెవి ఉంది అని ఆమె అడిగారు. సైన్సు తలుపు దగ్గర కాపలా ఉంది: సంస్థ స్థాయిలో కమిటీ, అందులో బయటి నుంచి నియమితుడైన సభ్యుడు, లెక్కలు, తనిఖీలు. విశ్వాసపు తలుపు దగ్గర ఉన్న కాపలా చట్టం పెట్టినది కాదు, ఆ మతం తనకు తాను పెట్టుకున్నది. పాతబస్తీ నుంచి వచ్చిన అరబిక్ అధ్యాపకుడు ఈ చోట లేచి, జంతువు కళ్లెదుట కత్తి నూరకూడదని, ఒక జంతువు చూస్తుండగా మరోదాన్ని కోయకూడదని తమ సంప్రదాయం చెప్పే నియమాలను వివరించి, వాటిని పాటించని వాళ్ల గురించి మొహమాటం లేకుండా మాట్లాడారు. ఇతరుల తప్పులు ఎత్తకుండా తన ఇంటి సంగతి తాను మాట్లాడటం వల్ల చర్చ పక్కదారి పట్టలేదు.

అదే చట్టం 17వ సెక్షన్‌లో పెద్ద జంతువులకు బదులు వీలైన చోట గినీపిగ్గులు, కుందేళ్లు, కప్పలు, ఎలుకల వంటి చిన్నవాటిని వాడమని ఉంది. చిన్న ఒంటికి నొప్పి చిన్నదా అని పశువైద్యురాలు అడిగిన ప్రశ్నకు మా వృత్తిలో ఉన్న నా దగ్గర కూడా సిద్ధంగా జవాబు లేదు. 1959లో శాస్త్రవేత్తలు రసెల్, బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలు, అంటే జంతువుకు ప్రత్యామ్నాయం వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గేలా పద్ధతి మార్చడం, వాటికి కొనసాగింపుగా 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి కణాల మీదా కంప్యూటర్ల మీదా చేసే పరీక్షలకు చోటు కల్పించడం, వీటన్నిటినీ ఆమె తొందరపడకుండా చెప్పారు. రాజ్యాంగం 51ఎ అధికరణంలో జీవుల పట్ల దయ చూపడం, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం అన్న రెండు విధులు పక్కపక్క ఖండాల్లోనే ఉన్నాయని, 1976లో రెండూ ఒకే సవరణతో వచ్చాయని గుర్తుచేశారు గాని, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డొస్తే ఏది గెలవాలో చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.

తరువాతి వారం దీనికి పూర్తిగా విరుద్ధం. అతిథిగా వచ్చిన వక్త దశావతారాలే పరిణామ సిద్ధాంతమని, మత్స్యం, కూర్మం, వరాహం వరుసలో డార్విన్ 1859లో చెప్పినదంతా ముందే ఉందని గంటన్నర చెప్పారు. పరిణామం మెట్లెక్కుతూ మనిషి దగ్గర ఆగే వరుస కాదు, కొమ్మలుగా చీలే వంశవృక్షం. తాబేలు నుంచి పంది పుట్టలేదు. అంతకంటే ముఖ్యంగా, ధర్మం కోసం భగవంతుడు సంకల్పించి దిగి వస్తాడన్నది అవతార భావన అయితే, ఎవరి సంకల్పమూ అక్కర లేకుండానే ప్రకృతి వరణం పని చేస్తుందన్నది డార్విన్ చెప్పిన అసలు సంగతి. ఈ రెంటినీ బలవంతంగా అతికించడం వల్ల సైన్సు తప్పుగా వినిపించింది, భక్తి చిన్నబోయింది. నా పక్కన కూర్చున్న ఆవిడ రోజూ విష్ణు సహస్రనామం చదివే మనిషి. తన దేవుడికి జీవశాస్త్రం సర్టిఫికెట్ ఎందుకని ఆవిడ గొణిగిన మాట ఆ గంటన్నర ఉపన్యాసం కంటే సూటిగా ఉంది. పైగా ప్రశ్నలకు ఆ రోజు సమయం ఇవ్వలేదు.

విశ్వాసం జంతువు గురించి నిజంగా చెప్పగలిగింది లేక కాదు. శ్రీకాళహస్తి స్థలపురాణంలో సాలెపురుగు, పాము, ఏనుగు మూడూ శివుణ్ణి కొలుస్తాయి. పాము పెట్టిన మణిని ఏనుగు చెత్త అనుకుని తోసేస్తుంది, ఏనుగు పోసిన నీళ్లు, వేసిన పూలు పాముకు అపచారంగా కనిపిస్తాయి. జంతువుకు భక్తి ఉందని ఒప్పుకున్న కథ, ఆ భక్తిలోనే పోట్లాట కూడా ఉంటుందని ఒప్పుకుంది. జంతువుకు లోపలి జీవితం ఉందా అని ప్రయోగశాలలో అడిగే ప్రశ్నకు ఇది సాక్ష్యం కాదు గాని, జంతువును వస్తువుగా చూడని ఒక చూపు తెలుగు నేల మీద ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. ముగింపు వారంలో తత్వశాస్త్ర అధ్యాపకురాలు ఈ కథను ఇరవై నిమిషాల్లో ముగించి, మిగతా సమయాన్ని అద్దంలో తనను తాను గుర్తుపట్టే జంతువుల మీద 1970లో మనస్తత్వ శాస్త్రవేత్త గాలప్ మొదలుపెట్టిన పరీక్షలకు ఇచ్చారు. అది ఆసక్తికరమైన విషయమే అయినా, వాసనతో లోకాన్ని ఎరిగే కుక్కకు అద్దం ఏం చెబుతుందన్న అభ్యంతరాన్ని ఆమె మాట వరసకు దాటేశారు.

సౌకర్యాల సంగతి. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. మాట్లాడేది తెలుగు, తెర మీద కనిపించేవీ చేతికిచ్చే కాగితాలూ పూర్తిగా ఇంగ్లిష్. చట్టం సెక్షన్లయినా తెలుగులో అచ్చువేసి ఇచ్చి ఉంటే వెనక వరుసలో కూర్చున్న డెయిరీ రైతుకు ఉపయోగపడేది, ఎందుకంటే హాలు మొత్తంలో రోజూ జంతువులతో బతికే మనిషి ఆయనొక్కరే. ఆయనను ఎవరూ మాట్లాడించలేదు. చాయ్ బాగుంది. మైకు బాగాలేదు. సందర్శనలకు బస్సు వాళ్లదే, ప్రవేశ రుసుములు మాత్రం మనమే కట్టుకోవాలి. ఈ సంగతి చేరేటప్పుడు చెప్పరు.

జంతు ప్రయోగాల పాఠం, బేగంపేట పాఠం రెండే ఉన్నా ఈ ఫీజు నేను కడతాను. తదుపరి విడతలో దశావతారాల ఉపన్యాసాన్ని ఉంచుతున్నారా అని అడిగితే, వక్త ఒప్పుకుంటే ప్రశ్నోత్తరాలతో కలిపి ఉంచుతామన్నారు. చేరదలచినవారు ఆ మాట మరోసారి అడిగి తేల్చుకుని, డబ్బు కట్టే ముందు సెక్షన్ల తెలుగు ప్రతి కూడా కోరితే మేలు.