పిల్లల గార పళ్ళకి క్యాపులు వేస్తామంటే ఒప్పుకోకండి

మన దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, ఇక్కడి ఫ్లోరైడ్ గురించి 1937లోనే డాక్టర్లు రాశారు, అప్పట్లో ఇదంతా నెల్లూరు జిల్లా. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్ళకి పట్టే గార ఇది, తోమితే పోయేది కాదు. మా పాపకి తొమ్మిదేళ్ళు, పై ముందు పళ్ళు రెండింటి మీదా అడ్డంగా గోధుమ రంగు చారలు. బడిలో ఏడిపిస్తున్నారని నవ్వొచ్చినప్పుడల్లా చేత్తో నోరు మూసుకునేది. అది చూడలేక వేసవి సెలవుల్లో ఒంగోల్లో ఒక పళ్ళ క్లినిక్‌కి తీసుకెళ్ళాం.

"క్యాపులేస్తే జీవితాంతం తెల్లగా ఉంటాయమ్మా" అన్నారు. ఎక్స్‌రే తీయలేదు. పాప వయసు కూడా అడగలేదు. పద్నాలుగు వేలు కట్టించుకుని, ఇంజక్షన్ ఇచ్చి మిషన్ పెట్టేదాకా, క్యాపు కోసం గట్టి పన్నుని చుట్టూ అరగదీస్తారన్న మాటే మాకు చెప్పలేదు.

నాలుగు నెలలకి ఇడ్లీ తింటుంటే ఒక క్యాపు ఊడి కంచంలో పడింది. కింద మిగిలిన పన్ను చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బియ్యపు గింజలా సన్నగా, పసుపుపచ్చగా ఉంది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుందని ఒకటే ఏడుపు. మళ్ళీ అక్కడికే వెళ్తే గట్టివేవో కొరికి ఉంటుందని అనేసి, అతికించడానికి ఇంకో మూడు వేలు అడిగారు.

నెల్లూరులో పిల్లల పళ్ళ డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ బాధపడింది. ఈ వయసులో పన్ను లోపల నరం పెద్దదిగా ఉంటుందట, వేరు చివర కూడా పూర్తిగా మూసుకుని ఉండదట, అందుకే అంత అరగదీస్తే నరానికే ముప్పు. పోయిన ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, మళ్ళీ పెరగదు. మచ్చ పైపైన ఉంటే మైక్రో అబ్రేషన్ అని సన్నటి పొర మాత్రం రుద్ది తీస్తారు, లోతుగా ఉంటే పంటి రంగు కాంపోజిట్ పేస్టు పూసి నీలం లైటుతో గట్టిపరుస్తారు. అది కొన్నేళ్ళకి మార్చుకోవాల్సిందే, అయినా పన్ను మిగులుతుంది కదా!

దయచేసి కుర్చీలో కూర్చోబెట్టకముందే "పన్ను అరగదీస్తారా, ఎంత?" అని అడగండి. ఏం వాడుతున్నారో బిల్లు మీద రాయించుకోండి. జీవితాంతం గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి. సోడా ఉప్పు, నిమ్మరసం రుద్దడం అసలొద్దు. ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే తాగడానికే కాదు, వంటకి కూడా ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు వాడకండి, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఈ మచ్చ పడుతుంది. కాచినా ఫ్లోరైడ్ పోదు.

పాపకి ఇప్పుడు ఆ పన్ను మీద కాంపోజిట్ కప్పి ఉంచారు. మూడు నెలలకోసారి నెల్లూరు తీసుకెళ్తున్నాం, నరం నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు.