పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు: తుప్పు బాగుచేసిన ఆరేళ్లకు

పని పూర్తయిన రోజునే ఈ సమీక్ష రాసి ఉంటే సగం అబద్ధాలే రాసేవాణ్ణి. కొత్త రంగు మీద ఎండ పడుతుంటే నేను చేసిన ప్రతి పనీ గొప్పగానే కనిపించింది. ఏ రిపేరు నిలబడింది, ఏది నన్ను మోసం చేసింది అన్నది ఏళ్లు గడిచాక గానీ తేలలేదు.

టర్బో లేని డీజిల్ ఇంజను, విడి ఛాసిస్ మీద బాడీ, ముందూ వెనకా కమాన్ కట్టలు, లివర్‌తో వేసుకునే ఫోర్ వీల్. ఇదీ బండి. కొన్నప్పుడు పైకి బాగానే ఉంది. ఇంటికి తెచ్చాక ఫ్లోర్ మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. పైన పటారం, లోన లొటారం.

ఇంజను గురించి రెండు మాటలు చాలు. హీటర్ ప్లగ్గులు, టైమింగ్ బెల్టు, నీళ్ల పంపు మార్చి, నాజిళ్లు సరిచేయించాను. ఇప్పటికీ చల్లటి పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఏడిపించింది డీజిల్ ట్యాంకు. లోపలి తుప్పు పెచ్చులుగా ఊడి ఫిల్టరుకు అడ్డం పడేది. చదును రోడ్డు మీద ఏమీ తెలిసేది కాదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఊపిరాడనట్టు ఆగిపోయేది. ఫిల్టర్లు రెండుసార్లు మార్చి, పంపును అనుమానించి, చివరికి ట్యాంకు దించితే గుప్పెడు ఎర్రపొడి రాలింది. ముందు ట్యాంకు చూడాల్సింది.

ఇక అసలు సంగతి. తలుపుల అడుగున తుప్పును నల్లగా మార్చే కన్వర్టర్ పూసి రంగు వేశాను. రెండో ఏడే బుడగలు లేచాయి. ఇనుము తుప్పయ్యాక అంతకుముందుకన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, రంగు ఉబ్బేది అందుకే. కన్వర్టర్‌లో ఉండే ఫాస్ఫారిక్ యాసిడ్ పైపొరను మారుస్తుంది గానీ, మందంగా పేరుకున్న పెచ్చుల కిందికి దిగదు. అదే డబ్బాలోది ఛాసిస్ మీద, పలచగా ఎర్రబారిన చోట, వైర్ బ్రష్‌తో బాగా రుద్ది పూశాను. అక్కడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తప్పు మందుది కాదు, నేను వాడిన చోటుది.

వెనక చక్రం పైన ఉన్న చిల్లుకు మాత్రం సిగ్గులేని పని చేశాను. జాలీ పెట్టి పుట్టీతో పూడ్చేశాను. పుట్టీ తేమను పీల్చుకుంటుంది. ఏడాదిన్నరకే మొత్తం ముద్దగా నా చేతిలోకి వచ్చేసింది.

ఫ్లోరు కోసి వెల్డింగ్ చేశాను. మెరిసే ఇనుము కనిపించేదాకా కోసి, ఇంకో అంగుళం అదనంగా తీసి, 1 మి.మీ. రేకు, 0.6 మి.మీ. వైరు వాడాను. నా మొదటి అతుకులో గీత ఆపకుండా లాగేసరికి రేకు ఎండుటాకులా ముడుచుకుపోయింది. ఆ తర్వాత ఇక్కడో చుక్క, దూరంగా అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి మధ్యలు కలుపుకుంటూ పోయాను. (బ్యాటరీతో పాటు ఆల్టర్నేటర్ వైర్లు కూడా విప్పాకే వెల్డింగ్ మొదలుపెట్టండి. ట్యాంకు దించి దూరంగా పెట్టండి, ఖాళీ ట్యాంకైనా సరే, అందులో డీజిల్ ఆవిరి ఉంటుంది.)

మొత్తం ఐదు అతుకులు. పైన ఎపాక్సీ ప్రైమరు, రంగు అన్నిటికీ ఒకేలా వేశాను. వాటిలో రెండు మళ్లీ తుప్పు పట్టాయి, అదీ వెనక నుంచి. వెల్డింగ్ వేడికి రేకు అవతలి వైపు రంగు కాలిపోతుంది. చేయి పెట్టలేని చోటు కాబట్టి ఎవరూ చూడరు, నేనూ చూడలేదు. మిగతా మూడింటికి వెనక వైపున పొడవాటి నాజిల్‌తో, తేమ తగలకుండా ఆపే వ్యాక్స్ కొట్టి ఉన్నాను. అవి కొత్తవాటిలా ఉన్నాయి. ఆరేళ్లలో నేను నేర్చుకున్న పాఠం ఈ తేడాయే.

వ్యాక్స్ డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి కొడితే సందుల్లోకి పాకుతుంది. మూడు రోజులు బండి కింద బొట్లు బొట్లుగా కారింది, వాసన నెల దాకా పోలేదు. అయినా ప్రతి చలికాలం ముందు ఛాసిస్ పెట్టె లోపల, తలుపుల్లో, పక్క బీముల్లో మళ్లీ కొడుతున్నాను. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా పుల్లతో పొడవడం మరిచిపోకూడదు.

అందరూ మెచ్చుకున్న పని మాత్రం నిలవలేదు. అడుగంతా తారు కోటింగ్ దట్టంగా వేశాను. నల్లగా, నున్నగా, చూడముచ్చటగా ఉండేది. మూడో ఏడు సుత్తితో తడితే ఒకచోట మొద్దు శబ్దం వచ్చింది. గీరితే అరచేయంత పలక ఊడింది. దాని కింద తడి మట్టి, ఆ కింద ఎర్రగా తుప్పు. తారు గట్టిపడి పగిలింది, ఆ పగుళ్లలోంచి దూరిన నీళ్లు బయటికి రాలేకపోయాయి. హీట్ గన్, గీకుడు రేకు పట్టుకుని రెండు వారాలు బండి కింద పడుకుని తీశాను. ఇప్పుడు అక్కడ ఎపాక్సీ, మామూలు రంగు, పైన వ్యాక్స్. అందం లేదు, కానీ లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది.

ఇనుప బ్రేకు గొట్టాల బదులు రాగి, నికెల్ మిశ్రమం గొట్టాలు వేశాను. వాటి గురించి మళ్లీ ఆలోచించే అవసరమే రాలేదు.

నడపడానికి ఎలా ఉందంటే, నెమ్మది, మోత ఎక్కువ, వెనక బరువు లేకపోతే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. బురదలో మాత్రం లో గేరు వేసి క్లచ్ వదిలేస్తే యాక్సిలరేటర్ తొక్కకుండానే పాక్కుంటూ బయటికొస్తుంది. పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. మలుపులో ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగవు, ఫోర్ వీల్ వేస్తే రెంటినీ కలిపి బిగించినట్టే, ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (రెండు ఇరుసులకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద పడుతుంది.

పోయిన నెల ముందు అద్దం అడుగున, రబ్బరు అంచు దగ్గర, గోరంత బుడగ కనిపించింది. కన్వర్టర్ డబ్బా చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేశాను. అద్దం తీయాల్సిందే.