దారి తోచని ఇరవైల్లో ఏ సినిమా మేలు?

చదువైపోయింది, తర్వాతేంటో తెలీదు. ఈ టెన్షన్ మీద వచ్చిన సినిమాల్లో తరచూ పేరు వినిపించేవి మూడు: 'ది గ్రాడ్యుయేట్' (1967), 'ఫ్రాన్సెస్ హా' (2012), 'ది వర్స్ట్ పర్సన్ ఇన్ ది వరల్డ్' (2021). మూడూ మంచివే. ఒక్కటే చూడాలంటే ఏది? నేను చూసేది ఒక్కటే: ఈ అయోమయానికి ఖర్చెవరు పెడుతున్నారు?

'ది గ్రాడ్యుయేట్'లో అమ్మానాన్నలే పెడుతున్నారు. డిగ్రీ పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చిన బెంజమిన్ పనల్లా స్విమ్మింగ్ పూల్‌లో తేలుతూ పడుకోవడం. పుట్టినరోజుకి డైవింగ్ సూట్ కొనిచ్చి, చుట్టాలూ పక్కాలూ చూస్తుండగా నీళ్లలోకి దిగమంటారు. మనకు వాడి ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. పెద్దవాళ్ల సలహాల మధ్య ఊపిరాడకపోవడాన్ని ఇంతకన్నా బాగా ఎవరూ తీయలేదని నా అభిప్రాయం. (బెంజమిన్‌గా వేసిన డస్టిన్ హాఫ్‌మన్‌కి సినిమా విడుదలయ్యేనాటికే 30 ఏళ్లు. అయినా కుర్రాడిలాగే నమ్మించాడు.) కాకపోతే బెంజమిన్‌కి ఏదీ వద్దు. వద్దనుకుంటూ ఏళ్లు గడపగలిగే స్థోమత ఎంతమందికుంటుంది?

'ది వర్స్ట్ పర్సన్ ఇన్ ది వరల్డ్'లో, నార్వే రాజధాని ఆస్లోలో ఉండే జూలీది ఇందుకు తలకిందులు. ఆమెకు అన్నీ కావాలి. మెడిసిన్ వదిలి సైకాలజీ, అదీ వదిలి ఫోటోగ్రఫీ. ఇదంతా మొదటి కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. వంటింట్లో స్విచ్ నొక్కగానే ఊరంతా ఆగిపోయి, ఆమె ఒక్కతే వీధుల్లో పరుగెత్తే సన్నివేశం కోసమైనా చూడొచ్చు. జూలీగా వేసిన రెనాటె రైన్‌స్వేకి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు ఊరికే రాలేదు. అయితే ఇది ప్రేమల కథ. ఉద్యోగం గురించి బెంగపడేవాళ్లకు ఇందులో దొరికేది తక్కువ.

ఇక ఫ్రాన్సెస్. వయసు 27, న్యూయార్క్. డ్యాన్సర్ కావాలని ఉంది, డ్యాన్స్ అంతంతమాత్రమే వచ్చు. చేతిలో డబ్బు అసలే లేదు. ఇల్లు మారినప్పుడల్లా తెరమీద కొత్త అడ్రస్ పడుతుంది. అదే ఈ సినిమాలో క్యాలెండర్. పన్ను రీఫండ్ వచ్చిందన్న సంబరంతో ఒకతన్ని డిన్నర్‌కి పిలుస్తుంది. తీరా బిల్లు దగ్గర కార్డు పనిచేయదు. ఏటీఎం కోసం వీధులెంట పరుగెత్తి, పడి, మోచెయ్యి చీరుకుపోయి తిరిగొస్తుంది. అప్పు మీద ప్యారిస్ వెళ్లి, ఉన్న రెండ్రోజుల్లో సగం నిద్రలో పోగొడుతుంది. నవ్వొస్తుంది, వెంటనే మన బ్యాంక్ బ్యాలెన్స్ గుర్తొస్తుంది.

నా ఓటు దీనికే. పరువు తక్కువని మొదట కాదన్న ఆఫీసు ఉద్యోగంలోనే ఆమె చివరికి చేరుతుంది. అది చేస్తూనే ఇతరుల కోసం నృత్యాలు కూర్చడం మొదలుపెడుతుంది. దర్శకుడు నోవా బామ్‌బాక్ దీన్ని ఓటమిగానూ చూపించడు, ఘన విజయంగానూ చూపించడు. మిగతా రెంటిలో పని గురించి ఇంత సూటిగా మాట్లాడరు.

పైగా నిడివి 86 నిమిషాలే. జూలీ కథకు రెండు గంటల పైనే కేటాయించాలి. బెంజమిన్ సంగతి ఇంట్లో అమ్మానాన్నలతో గొడవ నడుస్తున్నప్పుడు చూడండి, అప్పుడు బాగా ఎక్కుతుంది.