గోంగూర మాంసం పక్కన సూలా షెనిన్ బ్లాంక్: ఆరేళ్ల తర్వాత

మన దగ్గర ‘వైన్స్’ అని బోర్డున్న షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. ఆరేళ్ల కిందట మా కాలనీ షాపులో నాసిక్ సూలా కంపెనీ తెల్ల వైన్, షెనిన్ బ్లాంక్ ఉందా అని అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "అది లేడీస్ తాగేది కదన్నా" అంటూ స్టూలెక్కి పై అరలోంచి దుమ్ముపట్టిన సీసా ఒకటి దించాడు. అప్పట్లో నా అభిప్రాయమూ అదే. వైన్ అంటే ఎర్రగా ఉండాలి, వగరుగా ఉండాలి, కార్క్ లాగుతుంటే టప్పుమనాలి. ఇదేమో తెల్లది, పైగా కాస్త తీపి, పైగా దగ్గుమందు సీసాకున్నట్టు తిప్పే మూత. కొన్నది నా కోసం కాదు, మా ఆవిడ స్నేహితురాలు భోజనానికి వస్తోందని.

ఆ ‘కాస్త తీపి’ గురించే ఈ సమీక్షంతా. మిగతా వివరాలు సీసా మీద ఉంటాయి, చదువుకోవచ్చు.

ఆ దసరాకి బావమరిది బెంగళూరు నుంచి వస్తూ ఖరీదైన ఎర్ర వైన్, కాబర్నే సావిన్యాన్ తెచ్చాడు. ఏ తోటదో చెప్పను, దాని తప్పేమీ లేదు. గంట ముందే కార్క్ తీసి, "గాలి తగలనివ్వాలి బావా" అని టేబుల్ మీద పెట్టి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఉత్తగా తాగిన రెండు గుక్కలూ నిజంగానే బాగున్నాయి. మాగిన నేరేడుపండు, వెనక సన్నగా పొగవాసన.

అప్పుడు గోంగూర మాంసం వచ్చింది. మా ఆవిడది పల్నాడు. ఆమె చేతి కూరలో పచ్చిమిర్చీ ఎండుమిర్చీ రెండూ పడతాయి, ఒకదాని లోటు ఇంకొకటి తీర్చదని ఆమె నమ్మకం. వేడన్నంలో కూర కలిపి, ముద్ద మింగి, దాని మీద కాబర్నే ఒక గుక్క వేశాను. నోరు అంటుకుపోయింది. లేత వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టేశాయి, చెవుల్లోంచి ఆవిరొచ్చింది. నేరేడుపండు ఎటు పోయిందో తెలీదు, చేదు మాత్రం మిగిలింది. బావమరిదికి నుదుటి మీద చెమట కారుతోంది. అంత డబ్బు పోసి తెచ్చినవాడు కదా, ఒప్పుకోడు. "స్ట్రక్చర్ బాగుంది బావా" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి, ఫ్రిజ్‌లో దోసెల పిండి గిన్నె వెనక మిగిలిపోయిన షెనిన్ తీసి, మూత తిప్పి, స్టీలు గ్లాసులో పోసుకుంది. రెండు ముద్దలు తిన్నాక గ్లాసు నా వైపు జరిపి, "ఇది తాగి చూడండి" అంది. గ్లాసు బయట నీటి చుక్కలు పట్టాయి. నోట్లో పోసుకోగానే ముందు చల్లదనం, ఆ వెంటనే దోరజామకాయ కొరికినట్టు పులుపూ తీపీ కలిసిన రుచి. నాలుక మీద మంట సగానికి దిగింది. విచిత్రమేమిటంటే కూర రుచి పోలేదు. మాంసం, గోంగూర, చివర్లో మెంతుల చిరుచేదు, అన్నీ విడివిడిగా తెలిశాయి. ఇంకో ముద్ద తిన్నాను. మళ్లీ అదే జరిగింది. బావమరిది కూడా తన గ్లాసు పక్కకు నెట్టి స్టీలు గ్లాసు అడిగాడు, కాకపోతే "ఊరికే టేస్ట్ కోసం" అని.

ఎందుకిలా అని తర్వాత చదివి తెలుసుకున్నాను. మిరపకాయ మంట మన నోటికి వేడి తగిలినట్టే తెలుస్తుంది, ఆ వేడిని పసిగట్టే నాడుల్ని ఆల్కహాల్ ఇంకా రెచ్చగొడుతుంది. ఎర్ర వైన్‌లో తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చే వగరు దానికి తోడవుతుంది. చల్లదనం, తీపి ఆ మంటను తగ్గిస్తాయి. ఇక గోంగూర పులుపు ముందు పులుపు లేని వైన్ ఏదైనా చప్పగా తేలిపోతుంది. షెనిన్ ద్రాక్షకు పుట్టుకతోనే పులుపెక్కువ, అందుకే నిలబడింది. ఫ్రాన్స్‌లో లువార్ నది పక్కన పుట్టిన ద్రాక్ష పల్నాడు కూర కోసమే పుట్టినట్టుంటుందని ఎవరనుకుంటారు!

ఆ తర్వాత రెండేళ్లు నేను దీని ప్రచారకుణ్ణి. షిరిడీ వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక, నాసిక్, త్ర్యంబకం కూడా చూద్దామని అత్తగారిని ఒప్పించి, గంగాపూర్ డ్యామ్ వైపున్న సూలా తోటకి కారు తిప్పించాను. ఆవిడకి ‘ద్రాక్షతోట’ అని మాత్రమే చెప్పాం, అబద్ధం కాదు కదా. ఫిబ్రవరి నెల, కోతలు నడుస్తున్నాయి. యూరప్‌లో ద్రాక్ష కోసేది ఎండాకాలం చివర్లో, ఇక్కడేమో చలికాలం పంట, జనవరి నుంచి మార్చి దాకా. మన అనాబ్-ఎ-షాహీ పండు పక్కన పెడితే వైన్ ద్రాక్ష గింజంత ఉంటుంది, తొక్క మందం. నాసిక్‌లో సీసా ధర చూసి, హైదరాబాద్‌లో ఇన్నాళ్లూ కట్టిన డబ్బు తల్చుకుని అక్కడే మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు ఆ ప్రచారంలోంచి కొన్ని మాటలు వెనక్కి తీసుకోవాలి.

‘ఆంధ్రా భోజనం దేనికైనా సరిపోతుంది’ అని నలుగురికి చెప్పాను. సరిపోదు. రొయ్యల వేపుడుకి, పులిహోరకి, మిరపకాయ బజ్జీలకి బ్రహ్మాండం. ఆవకాయ దగ్గర చేతులెత్తేస్తుంది, ఆ ఆవఘాటు, నూనె ముందు ఇది నీళ్లే. పూర్ణాలతో తాగితే తీపి పోయి ఉత్త పులుపు మిగులుతుంది. కారం లేని వేపుడు మాంసమైతే ఇప్పుడు నేనూ ఎర్రదే అడుగుతాను, హంపి కొండల దగ్గర తెలుగు దంపతులు నడిపే తోట కాబర్నే అప్పుడు భలే ఉంటుంది. చల్లదనం తగ్గితే షెనిన్ పని అయిపోయినట్టే. మే నెలలో గ్లాసులో పావుగంట ఉంచితే షర్బత్ అవుతుంది. అందుకే సగం గ్లాసు కంటే పోసుకోను, సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లాల్సిందే.

దాచుకుంటే బాగుపడుతుందన్న భ్రమ కూడా వద్దు. పాత లువార్ షెనిన్లు దశాబ్దాలు నిలుస్తాయని ఎక్కడో చదివి, రెండు సీసాలు అటక మీద పెట్టి మర్చిపోయాను. రెండు ఎండాకాలాలు అక్కడే గడిచాయి. తీస్తే రంగు తేనెలా మారింది, వాసన ఉడికిన యాపిల్‌లా ఉంది, ప్రాణం లేదు. అది పూర్తిగా నా తప్పు. ఇంకోసారి మాత్రం నా తప్పు కాదు. ఒక షాపువాడు సాయంత్రం ఎండ నేరుగా పడే అద్దం పక్కన సీసాలు వరసగా పేర్చి పెట్టాడు. కొన్నాక చూస్తే నాలుగేళ్ల కిందటి పంట. అడిగితే "వైన్ పాతదైతేనే మంచిది సార్" అని నాకే పాఠం చెప్పాడు. అప్పట్నుంచి లేబుల్ మీద పంట సంవత్సరం చూడకుండా డబ్బివ్వడం లేదు. పోయినేటిదో ఈ ఏటిదో కాకపోతే వద్దంటాను.

కొనాలా వద్దా అంటే, మీ ఇంట్లో కారం మా ఇంట్లో అంత ఉంటే, ఫ్రిజ్‌లో పిండి గిన్నె పక్కన చోటుంటే, కొనండి. కారం తక్కువ తినేవాళ్లకి ఇది మామూలు తియ్యటి వైన్‌గానే అనిపించవచ్చు, నాకూ మొదట అలాగే అనిపించింది. నా సంగతి వేరే దారి పట్టింది. పోయినేడు టెస్టుల్లో షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. ఏ తీపి కోసం ఈ సీసాకి అలవాటు పడ్డానో, డాక్టరు సరిగ్గా దాన్నే కొట్టేసింది. బతిమాలితే మా ఆవిడ బేరం కుదిర్చింది: ఆదివారం సగం గ్లాసు, అది కూడా గోంగూర వండిన రోజే. ఈ మధ్య మా ఇంట్లో తోటకూరే ఎక్కువగా వండుతున్నారు.